మొత్తం వరుస ఎందుకు తప్పుతోంది: పవర్ బీఐలో విలువను వెతకడం, కూడటం

మీరు ఒకే ప్రశ్నగా రాశారు గానీ అందులో మూడున్నాయి. ముందు వాటిని విడదీసుకుందాం. బేగంబజార్‌లో నూనె, నెయ్యి హోల్‌సేల్ వ్యాపారానికి మీరు నెలవారీ రిపోర్టులు చేస్తున్నారు. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచీల బిల్లులు టాలీ నుంచి ఎక్సెల్‌కు, అక్కడి నుంచి పవర్ బీఐకి (డేటాతో రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వస్తున్నాయి. రేట్ల పట్టిక నుంచి ధర తెచ్చుకోవడానికి లుకప్‌వాల్యూ అనే సూత్రం రాస్తే, ఒక విలువ ఉండాల్సిన చోట అనేక విలువలు వచ్చాయంటూ ఎర్రర్ చూపిస్తోంది. ఇన్సెంటివ్ లెక్క బ్రాంచీల వరుసల్లో సరిగ్గానే ఉన్నా కింద మొత్తం (టోటల్) వరుసలో సున్నా పడుతోంది. సమ్మరైజ్ అనే సూత్రంతో కట్టిన సారాంశ పట్టిక, స్లైసర్‌లో (రిపోర్టుపై నెలనో బ్రాంచినో ఎంచుకునే పెట్టె) నెల మార్చినా కదలడం లేదు. సేఠ్‌గారికి సోమవారం రిపోర్టు చూపించాలి.

మూడింటికీ మూలం ఒకటే. విలువను వెతికి తెచ్చుకోవడం ఒక పని, కూడటం ఇంకో పని. మొదటిది ప్రతి బిల్లు వరుస దగ్గరా, డేటా లోడయ్యే దశలోనే ముగిసిపోవాలి. రెండోది రిపోర్టు తెరిచాక, చూసేవారు ఎంచుకున్న నెలకూ బ్రాంచికీ తగ్గట్టు అప్పటికప్పుడు జరగాలి. మీరు పంపిన సూత్రాల్లో ఈ రెండూ చోట్లు మార్చుకున్నాయి: వెతకాల్సిందాన్ని మెజర్‌లో (రిపోర్టు తెరిచాక లెక్కయ్యే సూత్రంలో) వెతుకుతున్నారు, కూడాల్సిందాన్ని ముందే కూడి పట్టికగా నిలబెట్టారు.

ఎర్రర్‌తో మొదలుపెడతాను. లుకప్‌వాల్యూ పద్ధతి సూటిగా ఉంటుంది. మీరిచ్చిన షరతులకు సరిపోయే వరుసలన్నీ చూస్తుంది. ఒక్కటీ లేకపోతే ఖాళీ ఇస్తుంది. ఒకటి దొరికితే దాని విలువ ఇస్తుంది. నాలుగు వరుసలు దొరికినా నాలుగింటిలోనూ ఒకే విలువ ఉంటే మాట్లాడకుండా దాన్నే ఇస్తుంది. వేర్వేరు విలువలుంటే మాత్రం మొరాయిస్తుంది. ఎక్సెల్ వీలుకప్ ఇలా మొరాయించదు, పైనుంచి చూస్తూ మొదట కనబడినదాన్ని ఇచ్చేస్తుంది. ‘ఎక్సెల్‌లో ఇదే లెక్క ఎప్పుడూ తప్పు రాలేదు’ అని రాశారు. వచ్చే ఉంటుంది, మీకు తెలిసి ఉండదు. ఈ ఎర్రర్ మీకు మేలే చేసింది.

అనేక విలువలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా మీ వివరాల్లోనే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యిపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీ రేట్ల పట్టికలో ధర పన్నుతో కలిపి ఉంది కాబట్టి నెయ్యికి కొత్త వరుస చేర్చారు, పాతదాన్ని అలాగే ఉంచారు. ఉంచడం సరైన పనే. కానీ లుకప్‌వాల్యూకు సరుకు కోడ్ ఒక్కటే ఇచ్చి ధర అడిగితే రెండు ధరలు ఎదురవుతాయి. ఏది కావాలో చెప్పే తేదీని మీరు ఇవ్వలేదు.

లుకప్‌వాల్యూ చివర్లో ప్రత్యామ్నాయ విలువ ఇచ్చే చోటు ఉంది, అక్కడ సున్నా పెడితే ఎర్రర్ పోతుందని మీకు ఎవరో సలహా ఇచ్చారట. ఎర్రర్ పోతుంది, నెయ్యి అమ్మకం కూడా దానితోపాటే పోతుంది. ఆ ప్రత్యామ్నాయం వరుసలు దొరకనప్పుడూ వస్తుంది, అనేక విలువలు దొరికినప్పుడూ వస్తుంది. రెండు వేర్వేరు జబ్బులకు ఒకే మాత్ర అది. దయచేసి పెట్టకండి.

ధరను మ్యాక్స్‌తోనో యావరేజ్‌తోనో తెచ్చుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. నెయ్యి టిన్ను అసలు ధర 600 అనుకుందాం. పన్నుతో పాత ధర 672, కొత్తది 630. సెప్టెంబరు 10న 40 టిన్నులు, 25న 60 టిన్నులు అమ్మారు. సరైన అమ్మకం విలువ 26,880, 37,800 కలిపి 64,680 రూపాయలు. మొత్తం టిన్నులు 100ని సగటు ధర 651తో గుణిస్తే 65,100 వస్తుంది. మ్యాక్స్‌తో గుణిస్తే 67,200. రెండోది సేఠ్‌గారి కంటికి వెంటనే దొరుకుతుంది. మొదటిదానిలో తేడా 420 రూపాయలే కాబట్టి ఎవరి కంటికీ దొరకదు, ప్రతి నెలా అలా పోతూనే ఉంటుంది. నేను ఎక్కువ భయపడేది ఇలాంటి చిన్న తేడాలకే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, నేనైతే ఎంచుకునేది: అసలు వెతకకండి. బిల్లు చేసిన రోజు ఏ ధరకు అమ్మారో టాలీలో బిల్లు వరుసలోనే ఉంది. ఎగుమతి చేసేటప్పుడు పరిమాణంతోపాటు ధర, విలువ కాలమ్‌లు కూడా తెచ్చుకోండి. జరిగిపోయిన అమ్మకానికి సాక్ష్యం బిల్లే. పాత బాకీదారుకు ఇచ్చిన రాయితీ, టిన్ను దెబ్బతిన్నదని తగ్గించిన పది రూపాయలు రేట్ల పట్టికలో ఎన్నటికీ ఉండవు. రేట్ల పట్టిక పనికొచ్చేది ‘ఉండాల్సిన ధర కంటే ఎంత తక్కువకు అమ్మాం’ అని తెలుసుకోవడానికి. అది కూడా మంచి ప్రశ్నే, కాకపోతే వేరే ప్రశ్న.

ఆ పోలిక కావాలంటే రెండో దారి. రేట్ల పట్టికలో ‘ఎప్పటి నుంచి’తోపాటు ‘ఎప్పటి వరకు’ కాలమ్ కూడా ఉండాలి. ఒక సరుకు కొత్త ధర మొదలయ్యే రోజుకు ముందు రోజే పాత ధర ముగిసే రోజు. ఇప్పుడు నడుస్తున్న ధరకు ముగింపు తేదీ ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది, వదలకండి. డాక్స్‌లో (పవర్ బీఐ సూత్రాల భాషలో) ఖాళీని తేదీతో పోల్చినప్పుడు దాన్ని సున్నాగా తీసుకుంటుంది, సున్నా అంటే 1899 డిసెంబరు 30. ముగింపు తేదీ అమ్మకం తేదీ కంటే తరవాతదై ఉండాలన్న షరతు అక్కడ విఫలమై, సరిగ్గా నేటి ధరలే దొరకకుండా పోతాయి. 2099 మార్చి 31 లాంటి దూరపు తేదీ పెట్టేయండి.

తరవాత అమ్మకాల పట్టికలో క్యాలిక్యులేటెడ్ కాలమ్ (ప్రతి వరుసకూ సూత్రంతో లెక్కించే కాలమ్) పెట్టి, ఫిల్టర్‌తో మూడు షరతులివ్వండి: సరుకు కోడ్ ఒకటే కావాలి, మొదలైన తేదీ అమ్మకం తేదీకి సమానమో ముందుదో కావాలి, ముగింపు తేదీ సమానమో తరవాతదో కావాలి. మిగిలిన వరుసల నుంచి మ్యాక్స్‌ఎక్స్‌తో (ఇచ్చిన వరుసల్లో పెద్ద విలువను ఇచ్చే సూత్రం) ధర తీసుకోండి. ఇక్కడ మ్యాక్స్‌ఎక్స్ కేవలం ఒక వరుసలోని విలువను బయటికి లాగడానికే. తేదీలు ఒకదానిపై ఒకటి ఎక్కితే అది చప్పుడు లేకుండా పెద్ద ధరను ఇచ్చేస్తుంది. అందుకే ముందు ఇదే ఫిల్టర్‌ను కౌంట్‌రోస్‌లో (వరుసలను లెక్కపెట్టే సూత్రం) పెట్టి ఇంకో కాలమ్ చేయండి. ప్రతి అమ్మకం వరుసకూ 1 రావాలి. ఖాళీ వచ్చిందంటే ఆ తేదీకి ధర లేదు. 2 వచ్చిందంటే తేదీలు కలిసిపోయాయి. రెండూ సరిచేసుకున్నాకే ధర కాలమ్‌ను నమ్మండి. పవర్ క్వెరీ (డేటా లోడయ్యేముందు దాన్ని శుభ్రం చేసే చోటు) అలవాటుంటే సరుకు కోడ్‌పై రెండు పట్టికలనూ మెర్జ్ చేసి, తేదీలతో వడపోసి ఇదే పని అక్కడే ముగించవచ్చు. మీ రేట్ల పట్టిక కొన్ని వందల వరుసలే కాబట్టి బరువేమీ కాదు.

ఇక తాళంచెవి సంగతి. వెతుకులాట చెడిపోయే చోటు ఎక్కువసార్లు సూత్రం కాదు, దేన్ని పట్టుకుని వెతుకుతున్నామన్నదే. మీరు ఒక చోట హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌తో (జీఎస్టీ కోసం సరుకులకు ఇచ్చే వర్గం నంబరు) వెతుకుతున్నారు. నెయ్యి 0405 కిందకు వస్తుంది, వెన్న కూడా అక్కడికే వస్తుంది. నాలుగంకెల కోడ్ సరుకును గుర్తించదు, పన్ను వర్గాన్ని మాత్రమే గుర్తిస్తుంది. పైగా ఎక్సెల్ దాన్ని సంఖ్యగా భావించి ముందున్న సున్నాను మింగేసి 405 చేస్తుంది. పవర్ క్వెరీలో రకం మార్చే అడుగులో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచాలి. అప్పటికే సున్నా పోయి ఉంటే ముందు సున్నా చేర్చి నాలుగంకెలకు తేవాలి.

పేర్లతో వెతకడం అంతకంటే ప్రమాదం. ఇంగ్లిష్ అక్షరాల్లో కూకట్‌పల్లి చివర ‘వై’ రాసేవారున్నారు, ‘ఐ’ రాసేవారున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌ను ఒకరు కలిపి రాస్తే ఇంకొకరు విడదీస్తారు. మీరు జిల్లాలవారీ అమ్మకాలు కూడా చేయబోతున్నారు కాబట్టి ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. పాత బిల్లుల్లో ఎవరైనా అర్బన్‌ను కుదించి ఉత్త ‘వరంగల్’ అని రాసి ఉంటే, ఆ అమ్మకాలు ఈరోజు పక్క జిల్లా ఖాతాలో పడతాయి. ఎర్రర్ రాదు, ఖాళీ రాదు, సరిపోయినట్టే ఉంటుంది. బ్రాంచికీ, పార్టీకీ (కొనుగోలుదారుకూ), సరుకుకూ, జిల్లాకూ మీ సొంత కోడ్‌లు పెట్టుకోండి. పేరు చూపించడానికి మాత్రమే.

అక్షరాల విషయంలో పవర్ బీఐకే ఒక వింత ఉంది. పవర్ క్వెరీ దృష్టిలో పెద్ద అక్షరాల్లో రాసిన పేరూ చిన్న అక్షరాల్లో రాసిన అదే పేరూ వేర్వేరు. లోడయ్యాక మోడల్ (పట్టికలన్నీ కలిసి ఉండే చోటు) దృష్టిలో రెండూ ఒకటే. పేరు చివర మిగిలిపోయిన ఖాళీని కూడా మోడల్ కత్తిరించేస్తుంది, పేరు ముందున్న ఖాళీని మాత్రం ఉంచుతుంది. ఫలితంగా పవర్ క్వెరీలో డూప్లికేట్లు తీసేశామనుకుంటాం, రిలేషన్‌షిప్ (రెండు పట్టికలను ఒకే కోడ్‌తో ముడివేయడం) కలపబోతే డూప్లికేట్లున్నాయని అది ఒప్పుకోదు. ట్రిమ్‌తో అంచుల్లోని ఖాళీలు తీసేసి, అన్నింటినీ ఒకే రకం అక్షరాల్లోకి మార్చి, ఆ తరవాత డూప్లికేట్లు తీస్తే ఈ గొడవ ఉండదు.

కోడ్‌లు శుభ్రమయ్యాక చాలా చోట్ల లుకప్‌వాల్యూ అవసరమే ఉండదు. సరుకుల పట్టికలో ప్రతి కోడ్ ఒక్కసారే ఉంటుంది, అమ్మకాల్లో ఎన్నిసార్లైనా ఉంటుంది. ఆ రెండింటినీ రిలేషన్‌షిప్‌తో కలిపితే, అమ్మకాల వరుసలో రిలేటెడ్ అని రాసి సరుకు వర్గాన్నో ప్యాకింగ్ పరిమాణాన్నో తెచ్చుకోవచ్చు. రిపోర్టులో చూపించడానికైతే అది కూడా అక్కర్లేదు, సరుకుల పట్టికలోని కాలమ్‌ను నేరుగా మ్యాట్రిక్స్‌లోకి (రిపోర్టులో కనబడే పట్టికలోకి) లాగితే చాలు. అమ్మకాల్లో ఉన్న కోడ్ సరుకుల పట్టికలో లేకపోతే ఖాళీ పేరుతో ఒక వరుస కనబడుతుంది. దాన్ని ఫిల్టర్‌తో దాచేయకండి. మాస్టర్‌లో, అంటే సరుకుల పట్టికలో, చేర్చాల్సిన సరుకులేవో అది చెబుతోంది.

టార్గెట్ల విషయంలో మాత్రం రిలేటెడ్ గానీ లుకప్‌వాల్యూ గానీ వాడకండి. మీరు నెల టార్గెట్‌ను ప్రతి బిల్లు వరుసలోకీ తెచ్చి తరవాత సమ్ చేశారు. కూకట్‌పల్లికి నెలకు 5 లక్షల టార్గెట్, 300 బిల్లు వరుసలు అనుకుంటే కూడినప్పుడు 15 కోట్లవుతుంది. దాన్ని తప్పించడానికి యావరేజ్ పెట్టారు. ఒక బ్రాంచి, ఒక నెల చూసినంతసేపు సరిగ్గానే కనిపిస్తుంది. రెండు నెలలు ఎంచుకోగానే కూలిపోతుంది. టార్గెట్ల పట్టికను విడిగా ఉంచండి. బ్రాంచీల పట్టిక ఒకటి, క్యాలెండర్ పట్టిక ఒకటి పెట్టి, అమ్మకాలనూ టార్గెట్లనూ ఆ రెండింటికీ కలపండి. నెల టార్గెట్‌కు ఆ నెల ఒకటో తేదీ ఇవ్వండి. ఇప్పుడు అమ్మకాలకొక సమ్, టార్గెట్‌కొక సమ్, అంతే. వారాలవారీగా చూస్తే టార్గెట్ మొత్తం ఒకటో తేదీ ఉన్న వారంలోనే పడుతుంది. సేఠ్‌గారు వారం లెక్క అడగనంతవరకూ దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి, మొత్తం వరుస. పైన కనబడే అంకెలను కూడి కింద వేస్తుందని ఎక్సెల్ అలవాటు మనకు చెబుతుంది. పవర్ బీఐ అలా చేయదు. ప్రతి గడికీ మెజర్‌ను మొదటి నుంచి లెక్కిస్తుంది. కూకట్‌పల్లి వరుసలో కూకట్‌పల్లి ఫిల్టర్‌తో, దిల్‌సుఖ్‌నగర్ వరుసలో ఆ ఫిల్టర్‌తో, మొత్తం వరుసలో బ్రాంచి ఫిల్టరే లేకుండా లెక్కిస్తుంది. ఉత్త సమ్‌కు రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుంది కాబట్టి తేడా బయటపడదు. సూత్రంలో ‘అయితే’, ‘లేకపోతే’ చేరగానే బయటపడుతుంది.

మీ ఇన్సెంటివ్ నియమం: టార్గెట్ దాటితే, దాటిన మేరకు 2 శాతం. కూకట్‌పల్లి టార్గెట్ 5 లక్షలు, అమ్మకం 6 లక్షలు, ఇన్సెంటివ్ 2,000. దిల్‌సుఖ్‌నగర్ టార్గెట్ 5 లక్షలు, అమ్మకం మూడున్నర లక్షలు, ఇన్సెంటివ్ సున్నా. మొత్తం వరుసలో బ్రాంచీలు లేవు, కంపెనీ ఒక్కటే ఉంది. దాని టార్గెట్ 10 లక్షలు, అమ్మకం తొమ్మిదిన్నర లక్షలు, దాటలేదు కాబట్టి సున్నా. పవర్ బీఐ తప్పేమీ చేయలేదు. ‘కంపెనీని ఒకే బ్రాంచిగా చూస్తే ఇన్సెంటివ్ ఎంత’ అన్న ప్రశ్నకు సరైన జవాబిచ్చింది. మీరు అడగదలచింది ‘ఒక్కో బ్రాంచికి లెక్కించి, వచ్చినవన్నీ కూడితే ఎంత’ అని.

ఆ మాటనే సూత్రంలో రాయండి. ఇప్పుడున్న ఇన్సెంటివ్ మెజర్‌ను అలాగే ఉంచి, రెండో మెజర్ చేయండి. అందులో సమ్‌ఎక్స్ (ఒక్కో వరుసకు లెక్కించి కూడే సూత్రం), దాని మొదటి భాగంలో వాల్యూస్‌తో (వేర్వేరు విలువల జాబితా ఇచ్చేది) బ్రాంచి కోడ్, రెండో భాగంలో మొదటి మెజర్ పేరు. బ్రాంచి వరుసలో ఒక్క బ్రాంచే ఉంటుంది, పాత జవాబే వస్తుంది. మొత్తం వరుసలో బ్రాంచీలన్నీ ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చి 2,000 అవుతుంది. రెండు నెలలు కలిపి చూస్తే ఇదే ఇబ్బంది నెలల దగ్గర మళ్లీ వస్తుంది. మీ నియమం నెలకు సంబంధించింది కాబట్టి ఒక్కో బ్రాంచి, నెల జతకూ విడిగా లెక్కించి కూడాలి.

ఇక్కడ చాలామంది జారే చోటొకటి ఉంది. సమ్‌ఎక్స్ రెండో భాగంలో మెజర్ పేరు రాయకుండా ఆ మెజర్‌లోని సూత్రాన్ని కాపీ చేసి అతికిస్తే, అదే సున్నా మళ్లీ వస్తుంది. మెజర్ పేరుతో పిలిచినప్పుడు, సమ్‌ఎక్స్ ప్రస్తుతం నిలిచిన వరుస ఫిల్టర్‌గా మారుతుంది. ఉత్త సమ్ రాస్తే అలా మారదు; ప్రతి బ్రాంచి దగ్గరా కంపెనీ మొత్తం అమ్మకాన్నే చూస్తుంది. అతికించక తప్పకపోతే దాన్ని క్యాలిక్యులేట్ అనే సూత్రంలో చుట్టాలి.

హ్యాజ్‌వన్‌వాల్యూతో (ఒకే విలువ ఉందా అని చూసే సూత్రం) మొత్తం వరుసను గుర్తుపట్టి అక్కడ వేరే సూత్రం పెట్టమని మీకు ఒక జవాబు దొరికిందన్నారు. అవసరం లేదు. స్లైసర్‌లో ఒక్క బ్రాంచినే ఎంచుకుంటే మొత్తం వరుసలోనూ ఒక్క విలువే ఉంటుంది, అప్పుడది బోల్తా పడుతుంది. ఏ స్థాయిలో ఉన్నామో నిజంగా తెలియాల్సి వస్తే ఇజ్‌ఇన్‌స్కోప్ ఉంది.

ప్రతి మొత్తాన్నీ ఇలా సమ్‌ఎక్స్‌లో పెట్టేయకండి మళ్లీ. లాభం శాతం దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ. కూకట్‌పల్లి 10 లక్షల అమ్మకంపై లక్ష లాభం, 10 శాతం. దిల్‌సుఖ్‌నగర్ 2 లక్షలపై 40 వేలు, 20 శాతం. శాతాలను కూడితే 30, సగటు తీస్తే 15, రెండూ అర్థం లేనివి. లాభం మొత్తాన్ని అమ్మకం మొత్తంతో భాగిస్తే 11.67 శాతం. ఇక్కడ మొత్తం వరుస వరుసల కూడిక కాకపోవడమే సరైనది. డివైడ్‌తో ఒక మెజర్ చాలు, అదనంగా ఏమీ చేయకండి. నియమం ఏ స్థాయిలో పుట్టిందో ఆ స్థాయిలో లెక్కించాలి: ఇన్సెంటివ్ బ్రాంచి దగ్గర పుట్టింది, శాతం కూడిన తరవాత పుట్టింది.

మీ మూడో ప్రశ్నకు జవాబు చిన్నది. సమ్మరైజ్‌తో చేసిన క్యాలిక్యులేటెడ్ టేబుల్ రిఫ్రెష్ సమయంలో ఒకసారి లెక్కించి నిలిచిపోతుంది. స్లైసర్ నొక్కడం ఆ తరవాత జరిగే పని. అందుకే కదలలేదు, కదలదు కూడా. ఆ పట్టికను తీసేసి మ్యాట్రిక్స్ విజువల్‌లో బ్రాంచి, సరుకు, మెజర్లు పెట్టండి. సారాంశం తీయడమే దాని పని. మధ్యలో సారాంశం కావాల్సిన లెక్కలుంటే, ఉదాహరణకు నెలవారీ అమ్మకాల్లో అతి పెద్దది ఏదో తెలుసుకోవాలంటే, పట్టికను మెజర్ లోపలే వేరియబుల్‌గా కట్టుకుంటే ఫిల్టర్లకు స్పందిస్తుంది. అక్కడ కూడా సమ్మరైజ్‌ను జతలు ఏరడానికే వాడి, మొత్తాల కాలమ్‌ను యాడ్‌కాలమ్స్‌తో చేర్చండి. అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్ల నోట్సుల్లో సమ్మరైజ్ లోపలే సమ్ పెట్టే పద్ధతి ఇంకా తిరుగుతోంది. నడుస్తుంది గానీ కొన్ని సందర్భాల్లో ఊహించని ఫలితాలిస్తుంది.

చూపించేముందు ఒక తనిఖీ. పవర్ బీఐలో నెలవారీ మొత్తం అమ్మకాన్ని టాలీ మొత్తంతో పోల్చండి, సరుకులూ బ్రాంచీలూ పక్కన పెట్టి ముందు అదొక్కటే. కొన్ని రూపాయల తేడా ఉంటే రౌండాఫ్ వరుసలు ఎగుమతిలో రాలేదేమో చూడండి. పెద్ద తేడా ఉంటే క్రెడిట్ నోట్లు (వెనక్కి వచ్చిన సరుకుకో తగ్గింపుకో ఇచ్చేవి) కూడికలో కలిశాయేమో చూడండి, అవి తీసివేత కావాలి. బిల్లు మొదటి వరుసలోనే తేదీ, పార్టీ ఉండి కింది వరుసలు ఖాళీగా వచ్చే ఎగుమతి అయితే, పవర్ క్వెరీలో ఫిల్ డౌన్ (పై విలువను కింది ఖాళీల్లో నింపడం) చేయకపోతే ఆ వరుసలు ఏ నెలకూ చెందవు.

సోమవారానికి టైము తక్కువ కాబట్టి ఈ రాత్రి టాలీ నుంచి ధర, విలువ కాలమ్‌లతో మళ్లీ ఎగుమతి తీసి, ధర వెతికే మెజర్‌ను తీసేయండి. టార్గెట్ల పట్టికను విడదీయడం, సమ్‌ఎక్స్ మెజర్ రేపు చేసుకోవచ్చు. జిల్లాల రిపోర్టు ఈ వారం వద్దు. పార్టీ మాస్టర్‌లో జిల్లా కోడ్ పెట్టాక ఇస్తామని సేఠ్‌గారికి ముందే చెప్పేయండి. కౌంట్‌రోస్ కాలమ్‌లో 1 కాకుండా వేరే విలువ వచ్చిన సరుకులు ఉంటే వాటి రేట్ల వరుసలు తేదీలతో సహా ఇక్కడ పెట్టండి, చూస్తాను.